డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కలు, సైన్సు, తెలుగు: బొమ్మల పాఠాన్ని సబ్జెక్టులతో కలిపే పద్ధతి

బడిలో డ్రాయింగ్ పీరియడ్‌కు రెండు కష్టాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్ లెక్కల మాస్టారి చేతికో ఇంగ్లిషు టీచర్ చేతికో వెళ్లిపోతుంది. రెండోది ఈమధ్య మొదలైంది. కళలను మిగతా సబ్జెక్టులతో కలపాలని జాతీయ విద్యావిధానం 2020 చెప్పిన తర్వాత చాలా బడుల్లో గుండె బొమ్మకు రంగులు వేయించడం, సౌర కుటుంబం చార్టు గీయించి గోడకు అంటించడం పెరిగింది. రిజిస్టర్‌లో రాసుకోవడానికి అది చాలు. కానీ పిల్లవాడు గుండె గురించి కొత్తగా తెలుసుకున్నదీ లేదు, గీత మీద పట్టు సంపాదించినదీ లేదు.

డ్రాయింగ్ మాస్టారుగా నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. సబ్జెక్టును బయటినుంచి తెచ్చి బొమ్మకు అతికించనక్కరలేదు. మన చేతిపనుల్లో లెక్కలూ రసాయనమూ కథా ముందే ఉన్నాయి. వాటిని పిల్లల కంటికి కనిపించేలా చేయడమే మన పని. 1937లో వార్ధా సభలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్ కూడా చేతిపనిని మధ్యలో పెట్టుకుని, దాని చుట్టూ చదువును అల్లుకుంది. మనకు అంత పెద్ద మార్పు అవసరం లేదు. వారానికి ఒకటి రెండు పీరియడ్లు చేతిలో ఉంటే చాలు.

మొదటి మెట్టు: సరైన పనిని ఎంచుకోవడం

పాఠం అనుకోగానే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ లెక్కను లేదా ఈ సైన్సును తీసేస్తే బొమ్మ చెడిపోతుందా? చెడిపోతుందంటే ఆ పాఠం పనికొస్తుంది. చుక్కలు తప్పితే ముగ్గు కలవదు. కరక్కాయ పట్టించని గుడ్డ మీద కలంకారీ నలుపు పట్టదు. గళ్లు సమానంగా లేకపోతే గోడమీది ముఖం వంకర పోతుంది. వీటిలో తప్పును మాస్టారు చెప్పాల్సిన పని లేదు, బొమ్మే చెబుతుంది. అదే సౌర కుటుంబం చార్టులో గురుగ్రహానికి ఏ రంగు వేసినా, ఎంత చిన్నగా గీసినా ఏమీ జరగదు.

రెండో మెట్టు: సబ్జెక్టు టీచర్‌తో పావుగంట

లెక్కల టీచర్ దగ్గరికి వెళ్లి "మీ పాఠానికి నా పీరియడ్‌లో ఏం చేయమంటారు?" అని అడగకండి. అలా అడిగితే చార్టులే మన వంతుకు వస్తాయి. "ఈ నెల పిల్లలకు ఏది అంతుపట్టడం లేదు?" అని అడగండి. విలోమానుపాతమనో, వైశాల్యానికీ చుట్టుకొలతకూ తేడా తెలియడం లేదనో చెబుతారు. దానికి సరిపోయే చేతిపని మీ దగ్గర ఉందేమో చూసుకోండి. లేకపోతే ఆ నెల వదిలేయండి. ఒక పాఠంలో ఒకే భావన చాలు. ముగ్గు మీద సౌష్ఠవం, కోణాలు, భిన్నాలు, సంస్కృతి అన్నీ ఒకేసారి చెప్పబోతే పిల్లలు ముగ్గునే వదిలేస్తారు.

మూడో మెట్టు: ముందు మీరు చేసి చూడటం

పిల్లలకు ఇవ్వబోయే సుద్దముక్కతో, అదే కాగితం మీద, అదే 45 నిమిషాల్లో మీరే ఒకసారి చేయండి. ఎక్కడ చేయి ఆగుతుందో తెలుస్తుంది. పాఠంలోని సబ్జెక్టు అక్కడే దాగి ఉంటుంది.

నాలుగో మెట్టు: పీరియడ్ నడిపే వరుస

భావన పేరు చివర రావాలి. ముందు చేయి కదలాలి, తర్వాత పని ఎక్కడో చిక్కుపడాలి, ఆ చిక్కులోంచి ప్రశ్న పుట్టాలి, దానికి జవాబు దొరికాక "దీన్నే లెక్కల్లో ఇలా అంటారు" అని చెప్పాలి. నల్లబల్ల మీద ముందే "సౌష్ఠవం" అని రాసి నిర్వచనం చదివిస్తే అది లెక్కల పీరియడే అవుతుంది, సుద్దముక్క రంగు మారుతుందంతే. జవాబు దొరికిన తర్వాత పిల్లలను మళ్లీ బొమ్మ దగ్గరికి పంపడం కూడా మరిచిపోకండి. తెలుసుకున్నదాన్ని ఉపయోగించి రెండోసారి గీసినప్పుడే అది వాళ్ల సొంతమవుతుంది. అందుకే ఇలాంటి పాఠానికి వరుసగా రెండు పీరియడ్లు ఇవ్వమని ప్రధానోపాధ్యాయులను అడగండి.

ఇక పాఠాల్లోకి వెళదాం.

ముగ్గు: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు

కావలసినవి సుద్దముక్కలు, వరండాలో సిమెంటు నేల. ముగ్గు బాగా తెలిసిన పిల్లలు ప్రతి తరగతిలో నలుగురైదుగురు ఉంటారు. వాళ్లను జట్టుకొకరుగా పెట్టండి. మగపిల్లలు "మాకు రాదు సార్" అంటే ఒప్పుకోకండి, చుక్కలు పెట్టే పని వాళ్లకే ఇవ్వండి.

"7 చుక్కలు, సందు చుక్క 4 వరకు" అని చెప్పండి. నడిమి వరుసలో 7, దానికి పైనా కిందా చుక్కల మధ్య సందుల్లో 6, 5, 4. నేల మీద పెట్టకముందే మొత్తం ఎన్ని చుక్కలవుతాయో ప్రతి జట్టూ ఊహించి రాసుకోవాలి. పెట్టి లెక్కిస్తే 37 వస్తాయి. పక్క జట్టుకు 5 నుంచి 3 వరకు ఇస్తే 19, మరో జట్టుకు 9 నుంచి 5 వరకు ఇస్తే 61, అన్నిటికన్నా చిన్నది 3 నుంచి 2 వరకు చేస్తే 7. నల్లబల్ల మీద వరుసగా 7, 19, 37, 61 అని రాసి ఊరుకోండి. ఏమీ చెప్పకండి. ఎవరో ఒకరు ఒక సంఖ్యలోంచి ఇంకో సంఖ్యను తీసేస్తారు. తేడాలు 12, 18, 24. "అయితే తర్వాతది 30 పెరగాలి, 91 అవుతుంది" అని ఒక గొంతు లేస్తుంది. 11 నుంచి 6 వరకు పెట్టి చూడమనండి. సరిగ్గా 91 వస్తాయి.

ఆ తేడాలు ఎందుకు ఆరేసి పెరుగుతున్నాయో చెప్పడానికి మాటలు అక్కరలేదు, రంగు సుద్దలు చాలు. నడిమి చుక్కను తెల్లగా ఉంచి, దాని చుట్టూ ఉన్న ఆరింటిని ఎర్రగా, వాటి చుట్టూ ఉన్న పన్నెండింటిని పచ్చగా, ఆ పైన పద్దెనిమిదింటిని నీలంగా చేయించండి. నేల మీద షడ్భుజాలు ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. ఇప్పుడు ముగ్గు వేయాల్సిన పిల్లకు తన చుక్కల లోపలి రూపం తెలుసు. ఆరు రేకుల పువ్వు ఎందుకంత సులువుగా కుదురుతుందో, అయిదు రేకులది ఎందుకు మొండికేస్తుందో తనకే అర్థమవుతుంది.

సరి చుక్కతో, అంటే చుక్కకు ఎదురుగా చుక్క పెడుతూ, 7 నుంచి 1 వరకు వేస్తే సంగతి వేరు. వరుసలు 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. పై నాలుగు వరుసలు కలిపితే 16, కింది మూడూ కలిపితే 9. బేసి సంఖ్యలను వరుసగా కూడితే వర్గ సంఖ్యలు వస్తాయన్న సూత్రం అక్కడే నేల మీద పరిచి ఉంటుంది.

తర్వాత పీరియడ్‌కు మెలికల ముగ్గు పెట్టుకోండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. చుక్కలను దీర్ఘచతురస్రంగా పెట్టించండి. ఒక జట్టుకు 3 వరుసలు 4 నిలువులు, మరో జట్టుకు 4, 4, ఇంకో జట్టుకు 4, 6. నియమం ఒకటే: అడ్డంగానూ నిలువుగానూ పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీత ఏటవాలుగా దాటాలి, అక్కడ రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించాలి, అంచు దాకా వెళ్లాక గుండ్రంగా మలుపు తిరిగి లోపలికి రావాలి. సుద్ద ఎత్తకుండా మొదలైన చోటికే వచ్చేదాకా గీయాలి. ఇంకా గీత పడని చోట్లు మిగిలితే కొత్త రంగు సుద్దతో మళ్లీ మొదలుపెట్టాలి.

3, 4 జట్టు ఒకే గీతతో ముగించి లేచి నిలబడుతుంది. 4, 4 జట్టుకు నాలుగు రంగులు కావాలి. 4, 6 జట్టుకు రెండు. పట్టిక వేయండి: 2, 3కి ఒకటి, 2, 4కి రెండు, 3, 3కి మూడు, 3, 6కి మూడు. ఎన్ని గీతలు కావాలో ముందే చెప్పగలరా అని అడగండి. అది ఆ రెండు సంఖ్యల గ.సా.భా. భాగహారంతో తప్ప గ.సా.భా చూడని పిల్లలకు అది రెండు రంగుల గీతలుగా అల్లుకుని కనిపించడం మామూలు విషయం కాదు.

ఆ తర్వాత కళ వైపు తిరగండి. ఒకే గీతతో నడిచే ముగ్గు కావాలనుకున్నవాళ్లు పరస్పర ప్రధాన సంఖ్యలను ఎంచుకుంటారు. మూడు రంగుల అల్లిక కావాలనుకున్నవాళ్లు 6, 9 తీసుకుంటారు. ఇక్కడ లెక్క పిల్లల ఎంపికకు సాయపడుతుంది. పాఠం కుదిరిందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

కసిమి నలుపు: ఏడో తరగతి పైన

శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతకు వాడే ద్రవాన్ని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి ఊరబెడితే వస్తుంది. బడిలో చేయడానికి మూతి వెడల్పున్న మట్టికుండో ప్లాస్టిక్ డబ్బానో తీసుకుని, లీటరు నీళ్లలో గుప్పెడు బెల్లం, రెండు గుప్పెళ్ల తుప్పు మేకులు వేసి, మూతికి గుడ్డ కట్టి నీడన పెట్టండి. గట్టి మూత పెట్టకండి, పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. రెండు మూడు వారాలు పడుతుంది. మేకులు మీరే వేయండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అంతవరకూ వారానికోసారి తరగతి అంతా వచ్చి వాసన, రంగు, నురగ చూసి నోటుబుక్కులో రాసుకోవాలి. ఈ పరిశీలన పేజీలు సైన్సు టీచర్‌కు ప్రాజెక్టు పనిగా పనికొస్తాయి.

ముందు రోజు పాత తెల్ల నూలు గుడ్డను గంజి పోయేలా ఉతికి మూడు ముక్కలు చేయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండోదాన్ని కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేయండి. మూడోదాన్ని కరక్కాయ నీళ్లలో గేదెపాలు కూడా కలిపి నానబెట్టి ఆరేయండి. వెదురు పుల్ల కొన చెక్కి, దానికి కొంచెం పైన గుడ్డపేలిక చుట్టి దారంతో బిగిస్తే కలం తయారవుతుంది. ఆ పేలిక ద్రవాన్ని పీల్చి ఉంచుకుంటుంది, వేలితో నొక్కినకొద్దీ కొనకు వదులుతుంది.

కలం ముంచే ముందు, మూడు గుడ్డల మీదా ఏ రంగు వస్తుందో పిల్లల చేత రాయించండి. కుండలోని నీళ్లు చూస్తే గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి అందరూ గోధుమ రంగనే రాస్తారు. మొదటి ముక్క మీద అలాగే పాలిపోయిన తుప్పు మరక పడుతుంది. రెండో ముక్క మీద గీత గీస్తుండగానే కొన వెనకాల నలుపు ఎక్కుతూ వస్తుంది. అక్కడ తరగతి గోల చేస్తుంది, చేయనివ్వండి. మూడో ముక్క మీద అదే నలుపు, కానీ అంచు చెదరదు. రెండోదాని మీద గీత పక్కలకు పాకితే, మూడోదాని మీద కత్తిరించినట్టు నిలుస్తుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు.

వివరణ ఇప్పుడు. బెల్లం పులిసి ఆమ్లమైంది. ఆమ్లం ఇనుమును కరిగించుకుంది. కరిగిన ఇనుము కరక్కాయలోని వగరు పదార్థమైన టానిన్‌తో కలిసి నల్లని కొత్త పదార్థమైంది. గుడ్డను ఉతికినా మొదటి రూపాలు తిరిగి రావు కాబట్టి ఇది రసాయన మార్పు. పాత రోజుల్లో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణంతో సిరా చేసుకున్నదీ ఇలాంటి చర్యతోనే. మూడు గుడ్డల్లో ఒక్కొక్కటే మార్చి మిగతావి అలాగే ఎందుకు ఉంచామని అడగడం మాత్రం మరవకండి. ప్రయోగం ఎలా చేయాలో దీనికన్నా తేలిగ్గా చెప్పే పాఠం నాకు తెలియదు.

కళ వైపు లక్ష్యం గీత. కలంకారీకి గీతే ప్రాణం. పేలికను నొక్కి లావు గీత, వదిలి సన్న గీత, ఒకే గీతలో లావునుంచి సన్నానికి మారడం ఒక పీరియడంతా సాధన చేయించాకే ఆకో చేపో గీయనివ్వండి. యూనిఫాం మీద పడితే ఈ నలుపు పోదు, పాత చొక్కాలు తెచ్చుకోమని ముందే చెప్పండి.

సాంఘిక శాస్త్రం టీచర్ సరే అంటే ఈ గుడ్డలను పట్టుకుని ఇంకో పాఠం నడుస్తుంది. శ్రీకాళహస్తిలో కలం, పెడనలో చెక్క అచ్చులు. 1611లో ఇంగ్లిషువారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకోవడానికి ఈ తీరపు అద్దకం బట్టలు ఒక ముఖ్య కారణం. నలుపు ఎంత కష్టపడితే వస్తుందో చేతులతో తెలుసుకున్న పిల్లలు, సముద్రాలు దాటి ఆ బట్ట కోసం ఎందుకు వచ్చారని అడిగితే పుస్తకం చూడకుండా జవాబు చెబుతారు.

గోడ బొమ్మ, గళ్ల పద్ధతి

చిన్న బొమ్మను పెద్దది చేయడం ప్రతి డ్రాయింగ్ మాస్టారికీ తెలిసిన పనే. దానిలోని లెక్కను బయటికి తీయండి. 18 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. ఎత్తు బొమ్మ మీద 2 సెం.మీ. గళ్లు గీస్తే 54 గళ్లు. గోడ మీద 180, 120 సెం.మీ. చోటు తీసుకుంటే ఒక్కో గడి 20 సెం.మీ. మూలలు సరిగ్గా లంబంగా ఉన్నాయో లేదో చూడటానికి తాపీ మేస్త్రీ పద్ధతి వాడండి: ఒక వైపు 60, ఇంకో వైపు 80 సెం.మీ. కొలిచి గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య దారం సరిగ్గా 100 సెం.మీ. ఉండాలి. పైథాగరస్ సూత్రం చదివిన పెద్ద పిల్లలకు ఇది వెంటనే వెలుగుతుంది.

అసలు ప్రశ్న రంగు దగ్గర వస్తుంది. చిన్న బొమ్మలో ఆకాశానికి ఒక చెంచా రంగు పట్టింది. పదిరెట్లు పెద్దదైన గోడ బొమ్మకు ఎంత? "పది చెంచాలు" అని తరగతంతా అంటుంది. సరే, పది చెంచాలు కలిపి ఇవ్వండి. ఆకాశంలో ఒక మూల దాటేలోపే అయిపోతుంది. పొడవు పది రెట్లు, ఎత్తు పది రెట్లు, వైశాల్యం వంద రెట్లు. ఆ తర్వాత రంగు డబ్బా మీద ఎంత మేర వస్తుందని రాసి ఉందో చదివించి, ఖర్చు అంచనా వాళ్ల చేతే వేయించండి.

తోలుబొమ్మ నీడ

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఇప్పటికీ తయారవుతున్నాయి. పలుచగా గీకిన తోలు కాంతిని కొంత వదులుతుంది కాబట్టే తెర మీద రంగుల నీడ పడుతుంది. పలుచని కాగితం మీద స్కెచ్ పెన్నులతో రంగులు వేసి, వెనకవైపు కాస్త నూనె రాస్తే పిల్లల బొమ్మకూ ఆ గుణం వస్తుంది. అట్టతో ఇంకో బొమ్మ చేయించి రెండిటినీ పక్కపక్కన తెర ముందు పెడితే పాక్షిక పారదర్శకం, అపారదర్శకం అన్న మాటలు వాటంతటవే అర్థమవుతాయి.

ఎనిమిదో తరగతికైతే కొలతలు కూడా. తెరకు 120 సెం.మీ. దూరంలో ఫోను టార్చి పెట్టండి. ట్యూబులైటు పనికిరాదు, నీడ చెదిరిపోతుంది. 20 సెం.మీ. అట్టబొమ్మను టార్చికి 60 సెం.మీ. దూరంలో పెడితే నీడ 40 సెం.మీ.; 40 దూరంలో 60; 30 దూరంలో 80. ప్రతిసారీ దూరాన్నీ నీడనూ గుణిస్తే 2400. విలోమానుపాతం ఇదే. ఇప్పుడు హనుమంతుడు చిన్నగా వచ్చి తెర నిండా పెరగాలంటే బొమ్మను ఎటు, ఎంత వేగంగా కదపాలో ఆడించేవాళ్లే నిర్ణయించుకుంటారు. చివర్లో నీడ ఎందుకంత ఒక్కసారిగా పెరుగుతుందో గమనించమనండి.

చేర్యాల పటం, తెలుగు పాఠం

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ కళాకారులు పొడవాటి పటం మీద కథను అరలుగా విడదీసి ఎర్రని నేపథ్యం మీద చిత్రిస్తారు. కథకుడు ఒక్కో అరా చూపిస్తూ కథ చెబుతాడు. తెలుగు వాచకంలోని కథనో, ఊరి చెరువు గురించి తాతలు చెప్పిన సంగతినో తీసుకుని అయిదే అరల్లో పెట్టమనండి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న వాదన మొదలవుతుంది. దాన్ని తొందరగా ఆపకండి, సారాంశం రాయడం నేర్పేది ఆ వాదనే. అరకు ఒక్క వాక్యం మాత్రమే రాయాలి. బొమ్మ చెప్పేసిన దాన్ని వాక్యం మళ్లీ చెప్పకూడదు. రెండో పీరియడ్‌లో పటం గోడకు వేలాడదీసి, చూపుడు కర్రతో కథ చెప్పించండి. మాటలు రాని పిల్లలకు చేతిలో కర్ర ఉంటే ధైర్యం వస్తుంది.

ముఖం గీయడం గురించి ఒక్క మాట. కళ్లు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయని చెప్పకండి, దారంతో ఒకరినొకరు కొలుచుకోమనండి. తరగతి మొత్తం కొలతల సగటు తీస్తే అదే తేలుతుంది. నుదుటి మీద కళ్లు గీసే అలవాటు ఆ రోజుతో పోతుంది.

మార్కులు ఎలా వేయాలి

బొమ్మ అందానికి ఒక మార్కు, లెక్కకు ఒక మార్కు అని విడదీస్తే పిల్లలు వెంటనే రెండు పనులుగా చూడటం మొదలుపెడతారు. నోటుబుక్కులో ఒక పేజీ రాయించండి: ముందు ఏమనుకున్నాను, ఏం జరిగింది, రెండోసారి ఏం మార్చాను. మొదటి బొమ్మనూ రెండో బొమ్మనూ పక్కపక్కన పెట్టి, ఈ పేజీ చదివితే ఎవరు ఎంత ఎదిగారో తెలిసిపోతుంది. చేయి బాగా తిరిగిన పిల్లలకు ఇందులో ప్రత్యేక లాభం ఉండదు, అది న్యాయమే. నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో (ఎఫ్‌ఏల్లో) ప్రాజెక్టు పనికి ఈ పేజీనే తీసుకోమని సబ్జెక్టు టీచర్‌ను ఒప్పిస్తే, మీ పీరియడ్‌ను పరీక్షల ముందు అడగడానికి వాళ్లే సంకోచిస్తారు.

ఏడాదిలో ఏది ఎప్పుడు

జూన్‌లో బడి తెరిచాక మొదటి నెల ముఖాల కొలతలతో గడపండి, కొత్త తరగతిలో పిల్లలు ఒకరికొకరు దగ్గరవుతారు. వానాకాలంలో గోడలు తడిగా ఉంటాయి కాబట్టి గోడ బొమ్మను నవంబరు తర్వాతకు పెట్టుకుని, జూలై, ఆగస్టుల్లో చేర్యాల పటం మీద పని చేయించండి. తోలుబొమ్మలకు దసరా ముందు రోజులు బాగుంటాయి, రామాయణ ఘట్టాలు పిల్లల నోట్లో ఆడుతుంటాయి. ముగ్గుల పాఠం డిసెంబరు మధ్యలో, ధనుర్మాసం మొదలవగానే. ఆ నెలంతా ఇంటి ముందు వేసే ముగ్గును పిల్లలు లెక్కపెట్టి చుక్కల సంఖ్య రాసుకొస్తారు. సంక్రాంతి సెలవులకు ముందే కసిమి కుండ పెట్టేస్తే ఫిబ్రవరి మొదటికి సిద్ధంగా ఉంటుంది. అప్పటికి ఎండ కాస్త ముదురుతుంది, పాలు పట్టించిన గుడ్డలు ఒక్క పూటలో ఆరతాయి. మిగిలిన కసిమిని వడకట్టి గాజుసీసాలో పోసి, పేరూ తేదీ రాసిన కాగితం అంటించి, చిన్నపిల్లల చేతికి అందని అరలో పెట్టండి.